కృష్ణానగర్ డాబా మీద బీరపూల ఫస్ట్ షో

కృష్ణానగర్ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? సినిమా పిచ్చితో హైదరాబాదు బస్సెక్కినవాళ్ళలో చాలామంది ముందుగా పెట్టె దించేది ఇక్కడే. హీరో అవుదామని వచ్చినవాడూ, పాటలు రాద్దామని వచ్చినవాడూ, ఏమవుదామో ఇంకా తేల్చుకోనివాడూ ఒకే కొట్టు దగ్గర నిలబడి వన్ బై టూ టీ తాగుతుంటారు. ఆ కృష్ణానగర్‌లో మూడంతస్తుల మేడ మీద ఒక రేకుల గది ఉంది. ఓనరు గారి భాషలో దాని పేరు 'పెంట్‌హౌస్'! అందులో నేనూ, ఇంకో కుర్రాడూ అద్దెకుంటున్నాం. నేను పత్రికలకు వ్యాసాలు రాసుకునే మనిషిని. అతను నటుడు. అంటే.... నటుడవుదామని ఊరొదిలి వచ్చినవాడు. పేరు చెప్పనులెండి. 'మావాడు' అనుకుందాం.

"సినిమా పత్రికలో కూరగాయల గోలేమిటి మహాశయా?" అని మీరు అడగొచ్చు. అడగండి, తప్పులేదు. కానీ 2020 లాక్‌డౌన్ రోజుల్లో కథానాయిక సమంత ఇంట్లోనే ట్రేలలో క్యాబేజీ మొలకలు పెంచి ఆ ఫోటోలు అభిమానులకు చూపిస్తే లైకులు కొట్టింది మీరే కదా! కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీదే కూరగాయల తోట పెంచి, ఆ అనుభవాన్ని పుస్తకంగా కూడా రాశారు. ఇక నేను చెప్పబోయేది ఇద్దరు బ్రహ్మచారులూ, పాతిక డబ్బాలూ, ఒక నాన్నా ఉన్న కథ.

మొదటి సినిమా.... ఫ్లాపు!

2023 ఏప్రిల్‌లో మావాడి చేతిలో పని లేదు. నా చేతిలో డబ్బు లేదు. కొత్తిమీర కట్ట ధర విని మార్కెట్లోంచి ఉత్త చేతులతో వచ్చిన రోజున మాకీ ఆలోచన పుట్టింది. డాబా మీద బోలెడు జాగా ఉంది, ఎండకి కరువే లేదు, ఇంకేం కావాలి? పగిలిన వాటర్ క్యాన్లు కోశాం. చేపల కొట్టు నుంచి థర్మోకోల్ పెట్టెలు తెచ్చాం. ఎవరో ఇల్లు కట్టుకుంటూ పునాది తవ్విన మట్టి రోడ్డు పక్కన ఉంటే, మూటలు కట్టి మూడంతస్తులు మోసి డబ్బాల నిండా దట్టించాం. టమాటా, వంగ, బెండ, పాలకూర, కొత్తిమీర.... అన్నీ ఒకే రోజు! మల్టీస్టారర్ అన్నమాట.

మొలకలు వచ్చాయి. మావాడి ఆనందం ఇంతా అంతా కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోసేవాడు. ఆకులు పసుపు రంగుకు తిరిగితే, పాపం దాహమేమోనని ఇంకో చెంబు పోసేవాడు. మే నెల సగం కాకముందే సినిమా డబ్బాలు వెనక్కి వెళ్ళిపోయినట్టు, మా డబ్బాలన్నీ ఖాళీ అయిపోయాయి.

ఆ రాత్రి మావాడు గోడకానుకుని కూర్చుని, "అన్నా, నేను ముట్టుకున్నది ఏదీ బతకదేమో" అన్నాడు. అతను మొక్కల గురించి మాట్లాడటం లేదని నాకు తెలుసు. అప్పటికి ఊరొదిలి ఆరేళ్ళయింది. యాక్టింగ్ కోర్సుకీ, ఫోటో ఆల్బమ్‌కీ పల్నాడు వైపు ఉన్న మిరప చేలో అరెకరం అమ్మించాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగిన రోజు నుంచి తండ్రి అతనితో మాట్లాడలేదు. అమ్మ ఫోను చేస్తే పక్కన ఆయన దగ్గు మాత్రం వినిపించేదట.

పెద్దాయన ఎంట్రీ

ఆ దగ్గే ఆయన్ని హైదరాబాదు తీసుకొచ్చింది! కరోనా మూలంగా మూడేళ్ళు ఆగిన చేపమందు పంపిణీ 2023 జూన్ 9న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మళ్ళీ మొదలైంది. మృగశిర కార్తెకి ఏటా ఇచ్చేదే. దానికోసం బయల్దేరిన పెద్దాయనకి భార్య మా అడ్రసు రాసిచ్చి పంపింది. తలుపు తీసిన నాతో ఆయన అన్న మొదటి మాట ఇది: "నేను సేపమందుకొచ్చాను బాబూ. వాణ్ణి సూడ్డానికి కాదు."

"లోపలికి రండి బాబాయ్" అన్నాను. లోపల మావాడు కొయ్యబారిపోయి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను టీ పెట్టాను. ఆయన టీ గ్లాసు పుచ్చుకుని డాబా మీదికి వెళ్ళి, మా డబ్బాల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎండిన టమాటా మొక్కని పీకి వేరు వాసన చూశాడు.

"ఎండకి సచ్చిందనుకున్నారా? కాదు. నీళ్ళెక్కువై సచ్చింది. వేరు కుళ్ళింది సూడు. ఈ డబ్బాకి అడుగున బెజ్జమేదిరా?"

ఆ 'రా' నన్నుద్దేశించింది కాదు. ఆరేళ్ళ తర్వాత కొడుకుతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే!

ఒకరోజు ఉండి పోవాల్సినవాడు నాలుగు రోజులున్నాడు. మావాడు ఇనుప చువ్వ కాల్చి డబ్బాలకు బెజ్జాలు పెడుతుంటే ఆయన పక్కన కూర్చుని లెక్క చెప్పేవాడు. ఆ నాలుగు రోజుల్లో నేను నోట్‌బుక్కులో రాసుకున్నవీ, తర్వాత మాకు అనుభవం మీద తెలిసినవీ కలిపి మీకోసం ఇక్కడ ఇస్తున్నాను. చింపి దాచుకోండి!

స్క్రీన్‌ప్లే ఇదీ

మట్టి: పునాది మట్టి పనికిరాదు. అది తడిస్తే బంకలా, ఎండితే ఇటుకలా అవుతుంది. ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. ఈ పొట్టునే షాపుల్లో 'కోకోపీట్' అని ఇటుకల్లా అమ్ముతారు. నీళ్ళలో నానబెట్టి, ఒకసారి పిండి, ఆ తర్వాతే కలపాలి. డబ్బాకి రెండు గుప్పెళ్ళ వేపపిండి వేస్తే మట్టిలోని పురుగు కాస్త అదుపులో ఉంటుంది.

డబ్బా: ఆకుకూరలకి 6 నుంచి 8 అంగుళాల లోతు చాలు. టమాటా, వంగ, మిరప, బెండలకి అడుగు లోతు ఉండాలి. సొర, బీరలాంటి తీగలకి 20 లీటర్లకు తగ్గని డబ్బా కావాలి. అడుగున మూడు నాలుగు బెజ్జాలు తప్పనిసరి. డబ్బాని నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెడితే నీళ్ళు సులువుగా పోతాయి, శ్లాబు నానదు, ఓనరు గారి బీపీ పెరగదు! తడిసిన 20 లీటర్ల డబ్బా పాతిక కిలోల దాకా తూగుతుంది. అన్నీ డాబా నడిమధ్య పేర్చకుండా గోడల వెంబడి సర్దండి.

నీళ్ళు: టైము చూసి కాదు, మట్టి చూసి పొయ్యాలి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. తడి తగిలితే చెంబు కింద పెట్టెయ్యండి. "మొక్కకి దాహమేస్తే అదే తల వాలుస్తుంది, నువ్వు తొందరపడమాక" అన్నాడు పెద్దాయన. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలి, సాయంత్రానికి తేరుకుంటే అది దాహం కాదు, ఎండ దెబ్బ.

ఎండ: కాయ కాసే మొక్కకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలకి మూడు నాలుగు గంటలు చాలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, అప్పుడు డబ్బాలో మొక్క ఏపాటిది? వేసవిలో సగం ఎండని ఆపే ఆకుపచ్చ వల పైన కట్టి, మట్టి మీద ఎండుటాకులు పరవండి.

పురుగు: విలన్లు ముగ్గురు. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున పడేలా కొట్టాలి. వారానికొకసారి చాలు.

కొత్తవాళ్ళు ఎవరితో మొదలుపెట్టాలి? స్టార్లతో వద్దు, చిన్న ఆర్టిస్టులతో మొదలెట్టండి. మెంతికూర, తోటకూర ఇంచుమించు నెల రోజుల్లో చేతికొస్తాయి. కొత్తిమీరకి నలభై రోజులు కావాలి. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి చల్లాలి, గుండుగా వేస్తే ఆలస్యం. బజారు నుంచి తెచ్చిన పుదీనాలో ఆకులు వాడుకుని కాడలు నీళ్ళ గ్లాసులో పెడితే వేళ్ళు దిగుతాయి. తర్వాత మట్టిలోకి మారిస్తే సరి. గోంగూర కొస తుంచే కొద్దీ పక్కకొమ్మలు వేస్తుంది. బెండ యాభై రోజుల్లో కాపుకొస్తుంది. కరివేపాకు మాత్రం నెమ్మదస్తురాలు. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

ఫస్ట్ షో ప్రేమకథ

వెళ్ళిపోతూ పెద్దాయన పంచె కొంగున ముడి విప్పి గింజలిచ్చాడు. బీర, ఎర్ర గోంగూర, సొంత చేలో మిరప. చేపమందుకని బయల్దేరిన మనిషి కొంగున విత్తనాలెందుకు కట్టుకున్నాడని మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

జూలై మూడో వారానికి బీర తీగ తాడు పట్టుకుని రేకుల మీదికి పాకింది. గుత్తులుగా పసుపు పూలు. కానీ ఒక్క పిందె నిలిస్తే ఒట్టు! పూసిన పువ్వు పూసినట్టే రాలిపోతోంది. అప్పుడు మావాడు ఆరేళ్ళలో మొదటిసారిగా తనంతట తను తండ్రికి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"గుత్తిగా పూసేయి మగపూలు. అయ్యే ముందొస్తయి, రాలిపోతయి. ఆడపువ్వు ఒక్కటొక్కటిగా వస్తది, దాని కింద సన్న పిందె ఉంటది. ఆ పట్నంలో, అంత ఎత్తున పురుగూ పుట్రా ఎక్కడుంటయిరా? నువ్వే కలపాల. బీరపువ్వు సాయంత్రమే ఇచ్చుకుంటది. అప్పుడు మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆ పుప్పొడి ఆడపువ్వు మధ్యన రుద్దు."

సాయంత్రం ఆరున్నర.... సరిగ్గా ఫస్ట్ షో టైము! ఊళ్ళో జనమంతా టికెట్లు చింపించుకుని హాల్లోకి వెళ్తున్న వేళకి మావాడు సెల్‌ఫోను లైటు పట్టుకుని స్టూలెక్కి పెళ్ళిళ్ళు చేసేవాడు. మూడో రోజుకి ఒక పిందె లావెక్కింది. వారానికి జానెడైంది. సొరకీ ఇదే పద్ధతి, అదీ సాయంత్రం బాపతే. కాకర, గుమ్మడి మాత్రం పొద్దున్నే విచ్చుకుంటాయి కాబట్టి మార్నింగ్ షోకి ముందే లేవాలి. టమాటా, వంగ, మిరపలకి ఈ బెడద లేదు. ఆడా మగా ఒకే పువ్వులో ఉంటాయి. పూత మీద కొమ్మని కాస్త తట్టి కదిలిస్తే చాలు.

ఆ ఆగస్టులో మా గదిలో బీరకాయ కూర, బీరపొట్టు పచ్చడి, గోంగూర పప్పు! లెక్క వేస్తే పెద్దగా మిగిలిందేమీ లేదు. మట్టికీ, ఎరువుకీ, వలకీ పోయిన డబ్బుతో ఆ కూరలు బజార్లోనే వచ్చేవి. డబ్బు మిగులుతుందని మిమ్మల్ని మభ్యపెట్టను. రెండో ఏడు నుంచి ఖర్చు తగ్గిన మాట మాత్రం నిజం.

మరి మిగిలిందేమిటంటారా? అంతకుముందు ఆడిషన్‌కి వెళ్ళి "కబురు చేస్తాం" అనిపించుకుని వస్తే మావాడు రెండు రోజులు దుప్పటి తియ్యకుండా పడుకునేవాడు. ఇప్పుడు వచ్చీ రాగానే చెప్పులు విడిచి డబ్బాల దగ్గరికి వెళ్తాడు. ఎవరు కబురు చేసినా చెయ్యకపోయినా సాయంత్రం ఆరున్నరకి బీరపువ్వు అతని కోసం ఎదురుచూస్తుంటుంది కదా!

శుభం కార్డుకి ముందు

అతను స్టార్ అయ్యాడా అని అడుగుతారేమో. కాలేదు. హీరో స్నేహితుల గుంపులో మూడోవాడిగా, బ్యాంకు గుమాస్తాగా, ఒక సీరియల్లో డాక్టరుగా కనిపిస్తున్నాడు. అమ్మిన అరెకరం తిరిగి రాలేదు, రాదు కూడా. కథ మలుపు తిప్పి మిమ్మల్ని సంతోషపెట్టడానికి ఇది సినిమా కాదుగా!

కానీ ఒకటి జరిగింది. కొస తీగకి కాసిన పెద్ద బీరకాయని మేం కొయ్యకుండా విత్తనానికని వదిలేశాం. అది ముదిరి, ఎండి, తేలికై, ఊపితే గలగలమనేలా తయారైంది. 2023 దసరాకి మావాడు దాన్ని న్యూస్ పేపర్లో చుట్టుకుని బస్సెక్కాడు. ఆరేళ్ళ తర్వాత ఊరికి! పది రోజులుండి తిరిగొచ్చాడు. అక్కడేం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముందన్నా.... ఇద్దరం అరుగు మీద కూచుని గింజలు వలిచాం" అన్నాడు.

ఇప్పుడు వాళ్ళమ్మ ఫోను చేస్తే మధ్యలో పెద్దాయన లాక్కుంటాడు. "సినిమాలో ఛాన్సొచ్చిందా?" అని ఏనాడూ అడగడు. "ఇంటికెప్పుడొస్తావు?" అనీ అడగడు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న:

"ఏరా, బీర పిందె పడిందా?"

పడితే పడిందంటాడు, లేకపోతే లేదంటాడు. ఆ తర్వాత ఇద్దరూ పావుగంట మాట్లాడుకుంటారు. నేను డాబా చివరికి వెళ్ళి పుదీనాకి నీళ్ళు పోస్తుంటాను. వేలు గుచ్చి చూశాకే సుమండీ!