ప్రవాహంలో నిలబడ్డ చక్రం

చెన్నై నుంచి తిరుపతి బస్సులో వెళ్లేవాళ్లకి ఊత్తుకోట తెలిసే ఉంటుంది. సరిహద్దులో ఉన్న ఆ ఊరి దగ్గరే కృష్ణా కాలువ జీరో పాయింట్. కండలేరు జలాశయం దగ్గర బయల్దేరిన నీళ్లు 152 కిలోమీటర్లు నడిచొచ్చి అక్కడ రాష్ట్రం మారతాయి. ఇంకో 25 కిలోమీటర్లు పోయి పూండి జలాశయంలో కలుస్తాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ చేసుకున్న ఒప్పందం ఇది. 1996లో మొదటిసారి ఆ నీళ్లు పూండి చేరాయి. చెన్నైలో కుళాయి తిప్పే తెలుగువాడిగా ఆ కాలువతో నాకు చుట్టరికం.

మా మేనమామది సత్యవేడు పక్క పల్లె. పోయినసారి వెళ్లినప్పుడు కాలువలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. గట్టు మీద అడుగులతో కొలిచి, 10 మీటర్ల దూరంలో రెండు రాళ్లు పెట్టాను. ఎగువ రాయికి ఇంకా ముందునుంచే వేపాకు రెమ్మ ఒకటి నీళ్లలోకి విసిరి, మొదటి రాయి దాటగానే ఫోన్లో సెకన్లు లెక్కపెట్టాను. మామ కాసేపు చూశాడు.

"ఏందబ్బాయా, ఆకులేసి టైము చూస్తా ఉండావు?"

"నీళ్లు ఎంత జోరుగా పోతా ఉండాయో చూస్తున్నా మామా."

ఆరుసార్లు విసిరాను. ఒకసారి రెమ్మ గట్టు వారకి చేరి గడ్డిలో చిక్కుకుంది, అది వదిలేశాను. మిగిలిన అయిదు సగటున 12 సెకన్లు. అంటే పైనీటి వేగం సెకనుకు సుమారు 0.83 మీటరు. అడుగునా పక్కలా నీళ్లు కాలువ ఒంటికి రాసుకుంటూ పోతాయి కాబట్టి అక్కడ నెమ్మది. మొత్తం కాలువ సగటు వేగం కావాలంటే పైవేగాన్ని 0.85తో గుణించడం ఇంజనీర్ల వాడుక. గుణిస్తే సుమారు 0.7 మీటరు.

పారే నీళ్లతో కరెంటు తీసే చక్రం, అంటే టర్బైన్, ఎందుకు తేలాలో ఆ రెమ్మే చెప్పింది. చురుకైన నీళ్లు పైనే ఉంటాయి. కాలువ మట్టం ఒకరోజు నిండుగా, ఇంకోరోజు సగానికీ ఉంటుంది. అడుగున దిమ్మె కట్టి బిగించిన చక్రం నీళ్లు తగ్గితే గాల్లో వేలాడుతుంది. తేలే చక్రం నీళ్లతో పాటు ఎక్కుతుంది, దిగుతుంది, ఎప్పుడూ ఆ చురుకైన పొరలోనే ఉంటుంది.

మామకి కావలసిన లెక్క వేరే. "చక్రం కడితే నా మోటారు తిరుగుద్దా?"

పారే నీళ్లలోని శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే శక్తి 8 రెట్లు. సగమైతే 8వ వంతుకి పడిపోతుంది. ఒక చదరపు మీటరు అడ్డుకోత మీదుగా సెకనుకు 1 మీటరు వేగంతో నీళ్లు పోతే అందులో 500 వాట్లుంటాయి. 2 మీటర్లయితే 4,000. మన కాలువ 0.7 మీటరుకి వచ్చేది 171 వాట్లే. అదంతా తీసుకోవడం కుదరదు. తీసుకుంటే నీళ్లు చక్రం దగ్గరే ఆగిపోవాలి, వెనక నీళ్లకి దారి ఉండదు. విశాలమైన ప్రవాహంలో ఏ చక్రమైనా 59.3 శాతానికి మించి లాగలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1920 ప్రాంతంలో లెక్కగట్టాడు. బేరింగుల రాపిడి, జనరేటర్ నష్టాలు కలుపుకుంటే మూడో వంతు చేతికొస్తే గొప్ప. అంటే చదరపు మీటరుకి సుమారు 60 వాట్లు. మామ బోరు మోటారు 5 హార్స్‌పవర్, దాదాపు 3,730 వాట్లు. 60 చదరపు మీటర్లకు పైగా చక్రాలు కావాలి.

"అంత అడ్డం పెడితే కాలువ కట్ట తెగుద్ది గదబ్బాయా" అన్నాడు మామ. ఇంజనీరు చెప్పాల్సిన మాటే అది. కాలువకి అడ్డంగా ఏది నిలబడ్డా ఎగువన నీటిమట్టం లేస్తుంది. కట్ట మీద వదిలిన ఖాళీ ఎత్తుని అది తినేస్తుంది. కాబట్టి కాలువలో తేలే టర్బైన్లని ఒకదాని వెనక ఒకటిగా, మధ్యలో నీళ్లు మళ్లీ వేగం పుంజుకునేంత దూరం వదిలి పెట్టుకోవాలి.

ఆనకట్టతో పోల్చి చూస్తే ఈ లెక్క ఇంకా నిష్ఠురంగా ఉంటుంది. ఒక ఘనపు మీటరు నీళ్లు 80 మీటర్ల ఎత్తు నుంచి పడితే 7,84,000 జౌళ్ల శక్తి. అవే నీళ్లు సెకనుకు 0.7 మీటరు వేగంతో పారితే 245 జౌళ్లు. 3,200 రెట్ల తేడా. శ్రీశైలం ముందు కాలువ చక్రం నిలవదు, నిలవాలని అనుకోవడం కూడా తప్పే. అయితే శ్రీశైలానికి కొండల మధ్య లోయ కావాలి, మునిగే ఊళ్లు కావాలి. తేలే చక్రానికి ఇప్పటికే పారుతున్న నీళ్లు చాలు, ఎవరి ఇల్లూ మునగదు. ఒక గేటు మీటరుకి, ఒక నిఘా కెమెరాకి, గట్టు మీద నాలుగు దీపాలకి 60 వాట్లు ఎక్కువే.

ఈ చక్రం వయసు చిన్నది కాదు. క్రీ.శ. 537లో గోత్‌లు రోమ్ నగరాన్ని ముట్టడించి, ఊరికి నీళ్లు తెచ్చే కాలువలన్నీ తెగ్గొట్టారు. ఆ నీళ్లతోనే తిరిగే పిండి మరలు ఆగిపోయాయి. లోపల జనానికి రొట్టె లేదు. సేనాని బెలిసారియస్ టైబర్ నదిలో రెండు పడవలు పక్కపక్కన తాళ్లతో కట్టి, మధ్యలో చక్రం వేలాడదీసి, పడవల మీద తిరగళ్లు పెట్టాడు. వంతెన కింద నీళ్లు ఇరుకున పడి జోరందుకునే చోటు చూసి మరీ కట్టాడు. సంగతి తెలిసిన గోత్‌లు చెట్ల మొదళ్లు, శవాలు నదిలోకి తోశారు. అవి వచ్చి చక్రాలను విరగ్గొట్టాయి. అప్పుడు బెలిసారియస్ వంతెన దగ్గర నదికి అడ్డంగా ఇనుప గొలుసులు కట్టించి, కొట్టుకొచ్చేవాటిని అక్కడే ఆపి ఒడ్డుకి లాగించాడు. అప్పుడక్కడే ఉన్న చరిత్రకారుడు ప్రొకోపియస్ ఇదంతా రాసిపెట్టాడు.

దాదాపు 1,500 ఏళ్ల కిందటి ఆ ఇబ్బంది ఇవాళ్టికీ అలాగే ఉంది. చక్రం తిప్పడం తేలిక. దాన్ని ప్రవాహంలో కొట్టుకుపోకుండా నిలబెట్టడం, చెత్త నుంచి కాపాడటం కష్టం. అడయారు, కూవం నదుల్లో వానాకాలం వరదకి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క దిబ్బలు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతా నెలల్లో ఆ నదుల్లో రెమ్మ వేస్తే వేసినచోటే ఉంటుంది.

నదులు నిదానం. చెన్నై శాస్త్రవేత్తలు సముద్రం వైపు తిరిగారు. అక్కడా ఆటుపోట్లు పెద్దగా లేవు. భావనగర్ దగ్గర నీళ్లు దాదాపు 11 మీటర్ల దాకా ఎక్కి దిగితే, చెన్నై తీరంలో మీటరు, కాస్త అటూఇటూ. మిగిలింది అల. 1983లో ఐఐటీ మద్రాసులో అలల విద్యుత్తు కార్యక్రమం మొదలైంది. దాని ముందు వరసలో ఉన్నవాళ్లలో ఎం. రవీంద్రన్ ఒకరు, తర్వాత ఐఐటీ ఢిల్లీ డైరెక్టరయిన వి.ఎస్. రాజు ఇంకొకరు. వాళ్ల యంత్రం కేరళలోని విళింజం దగ్గర 1991లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని సామర్థ్యం 150 కిలోవాట్లు. సుమారు 3,000 టన్నుల కాంక్రీటు గది, అడుగున నోరు తెరుచుకుని సముద్రంలో కూర్చుంది. అల లోపలికొస్తే గదిలోని గాలి పైకి తోసుకుపోతుంది, అల వెనక్కి పోతే గాలి లోపలికి పీల్చుకుంటుంది. అటు పోయే గాలికీ ఇటు వచ్చే గాలికీ ఒకే వైపు తిరిగే టర్బైన్ పైన ఉంది. బెల్ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ అలన్ వెల్స్ 1970ల్లో కనిపెట్టిన టర్బైన్ అది. రెక్క అడ్డుకోత రెండు వైపులా ఒకేలా ఉండటమే అందులోని కిటుకు. గాలి ఏ వైపు నుంచి తగిలినా రెక్కని ముందుకే లాగుతుంది.

విళింజం గది అలల కరెంటుతో మంచినీళ్లు కూడా చేసింది. 2004లో ఉప్పునీటి నుంచి రోజుకి 10,000 లీటర్ల మంచినీళ్లు తీసే ఏర్పాటు దానికి జతచేశారు. తర్వాత అది ఆగింది. అన్ని వేల టన్నుల కాంక్రీటుని అలల్లో కూర్చోబెట్టాలంటే అయ్యే ఖర్చుకి వచ్చే కరెంటు సాటిరాలేదు. అయినా ఆ యంత్రాన్ని వైఫల్యం కింద జమకట్టడానికి నాకు మనసొప్పదు. అల ఎప్పుడు ఎంతిస్తుందో మనవాళ్లకి ఏళ్ల తరబడి చూపించింది అదే.

1993 నవంబరులో చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పుట్టింది. మొదటి డైరెక్టరు రవీంద్రనే. పళ్లికరణై చిత్తడి నేలల పక్కన ఉన్న ఆ సంస్థలో యంత్రం క్రమంగా చిన్నదయింది, దిమ్మె వదిలి తేలడం నేర్చుకుంది. దారి చూపిన జపాన్ మాజీ నౌకాదళ అధికారి యోషియో మసుదా చాలా ముందే ఆ పని చేశాడు. ఓడలకి దారి చూపే బోయాలో చిన్న గాలి టర్బైన్ పెట్టి, అల ఊపుకి దీపం వెలిగించాడు. 1965 నుంచి ఆ బోయాలు జపాన్‌లో అమ్మకానికొచ్చాయి. ఆ కోవలోనే చెన్నై సంస్థ అలలతో నడిచే బోయా చేసి, ఎన్నూరు దగ్గరి కామరాజర్ పోర్టు నీళ్లలో పెట్టి చూసింది. బోయా ఊగినకొద్దీ లోపలి గాలి కదులుతుంది, టర్బైన్ తిరుగుతుంది, బ్యాటరీ నిండుతుంది, రాత్రికి దీపం వెలుగుతుంది.

సముద్రపు ప్రవాహానికే తిరిగే చిన్న టర్బైన్‌ని కూడా ఆ సంస్థ తయారుచేసి, దక్షిణ అండమాన్‌లోని మెక్‌ఫర్సన్ జలసంధిలో పరీక్షించింది. ద్వీపాల మధ్య ఇరుకులో నీళ్లు జోరందుకుంటాయి. బెలిసారియస్ వంతెన కిందికి వెళ్లింది కూడా ఆ జోరు కోసమే.

2022 నవంబరులో ఐఐటీ మద్రాసు నుంచి ఇంకో యంత్రం నీళ్లలోకి దిగింది. ప్రొఫెసర్ అబ్దుస్ సమద్ బృందం చేసిన సింధుజ-1. తూత్తుకుడి తీరానికి 6 కిలోమీటర్ల దూరంలో, సుమారు 20 మీటర్ల లోతున్న చోట నిలిపారు. పెద్ద బెండులాంటి బోయా, దాని నడిమి కన్నంలోంచి దూరిన స్పార్ అనే పొడవాటి కడ్డీ, పైన విద్యుత్ పెట్టె. అలతో బోయా లేస్తుంది, పడుతుంది. కడ్డీ అంతగా కదలదు. ఆ రెండింటి మధ్య జరుగుడే జనరేటర్ని తిప్పుతుంది. కడ్డీ కూడా తేలేదే కాబట్టి, మొత్తాన్నీ గొలుసు కట్టి ఉంచారు. వచ్చింది 100 వాట్లు. విళింజం 1,50,000 వాట్లతో మొదలైతే, 31 ఏళ్ల తర్వాత 100 దగ్గర మళ్లీ మొదలుపెట్టారు. నాకిది వెనకడుగులా కనిపించదు. లంగరు, గొలుసు, తుప్పు చిన్న యంత్రంలోనే లొంగకపోతే పెద్దదానిలో లొంగవు.

సముద్రంలో ఏదైనా దించి నిలపడం ఎంత మొండి విషయమో చెన్నై సంస్థకి బాగా తెలుసు. సముద్రపు పైనీటి వేడికీ అడుగు నీటి చల్లదనానికీ ఉన్న తేడాతో కరెంటు తీద్దామని సాగర్ శక్తి అనే బార్జిని సిద్ధం చేశారు. అడుగున చల్లని నీళ్లు తోడటానికి దాదాపు 1 కిలోమీటరు పొడవైన పైపు కావాలి. ఆ పైపుని సముద్రంలోకి దించి బార్జికి తగిలించే ప్రయత్నాలు ఫలించలేదు. టర్బైన్ దాకా పనే రాలేదు.

ఇంకో శత్రువు చెన్నై కాశిమేడులో కళ్లారా కనిపిస్తుంది. ఒకరోజు పొద్దున హార్బర్ ఒడ్డున ఒకాయన చాలా రోజులు నీళ్లలో ఉన్న తేలుగుండుని పైకి లాగి గోకుతున్నాడు. అసలు రంగు ఎక్కడా లేదు. తెల్లటి గుల్లలు, ఒకదాని మీద ఒకటి, చిన్న చిన్న అగ్నిపర్వతాల్లా మూతులు తెరుచుకుని దట్టంగా పట్టేశాయి. వేలితో తాకితే గాజుపెంకులా చర్మం కోసుకుంది. బార్నకిల్ అంటారు వాటిని. కింద పచ్చని నాచు, దాని సందుల్లో ఇంకా బతికున్న సన్నటి పీతలు. ఇనుప రేకుతో గోకితే కరకరమంటూ రాలుతున్నాయి, రాలినచోట గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతోంది. టర్బైన్ రెక్క మీద అవే పడితే నునుపు పోతుంది, బరువు పెరుగుతుంది, నెమ్మది నీళ్లలో వచ్చే ఆ కాస్త తిప్పుడూ ఆగిపోతుంది. నెలకోసారి పడవేసుకుని వెళ్లి గోకే మనిషి జీతం కూడా యూనిట్ ధరలో కలపాలి. కాగితం మీది లెక్కల్లో నేను వెతికేది ముందు ఈ జీతాన్నే.

కాలువలో ఆ గుల్లలుండవు. మంచినీళ్లు, సిమెంటు లైనింగ్, తెలిసిన వేగం, అల లేదు. తేలే టర్బైన్‌కి ఇంతకన్నా మంచి ఇల్లు లేదని నా నమ్మకం. 2024లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, నీటి మీద తేలే హైడ్రోకైనెటిక్ టర్బైన్లకి జలవిద్యుత్తు కోవలో గుర్తింపునిచ్చింది. జలవిద్యుత్ కేంద్రాల టర్బైన్లు దాటి బయటికొచ్చే నీళ్ల కాలువలు వీటికి మొదటి చోటు కావాలి. అక్కడ వేగం ఉంటుంది. కృష్ణా కాలువకి నెమ్మది కాక ఇంకో లోటుంది, నీళ్లు ఏడాది పొడవునా రావు. కండలేరు గేటు మూస్తే చక్రం కాలువ అడుగున కూర్చుంటుంది.

నేనొచ్చేశాక మామ ఆ రెండు రాళ్లకీ సున్నం కొట్టించాడట. మళ్లీ నీళ్లొదిలితే కబురు చేస్తానన్నాడు. ఈసారి సగం నీళ్లు పోసి మూత బిగించిన సీసాలు కొన్ని తీసుకెళ్లాలి. అవి రెమ్మకంటే లోతుగా మునిగి తేలతాయి, పైపొరకి కాస్త కింద నీళ్ల వేగం చెబుతాయి.