పెరట్లో పందికొక్కు

ఇంగ్లీషు నిఘంటువుల్లోని ‘బాండికూట్’ మన పందికొక్కే. మాట తెలుగు నుంచి వెళ్లింది. శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతికి పెట్టిన ‘బాండికోటా’ అన్న పేరుకూ మూలం ఇదే. ఆస్ట్రేలియాలో బాండికూట్ అనిపించుకునే జంతువు మాత్రం పిల్లల్ని సంచిలో పెంచేది. పందికొక్కుతో దానికి చుట్టరికమేమీ లేదు. కొల్లేటి చేరువలోని మండవల్లి వైపు పెరళ్లలో రాత్రిపూట పెత్తనం పందికొక్కుది.

పందికొక్కుల్లో పెద్ద రకం తోక కాకుండానే అడుగు పొడవు దాకా పెరుగుతుంది, కిలో తూగేవీ ఉంటాయి. పశువుల పాకలు, గడ్డివాములు, ఇంటి పునాదులు దీని చోట్లు. మూలకు తరిమితే వీపు మీది పొడవాటి వెంట్రుకలు నిక్కించి గుర్రుమంటుంది. పేరులో పంది ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. చిన్న రకం పొలం గట్లలో ఉండి వరి కంకులు కోసి కలుగులో దాచుకుంటుంది.

కొల్లేటి పల్లెల్లో పందికొక్కుకు తిండికి కరువు లేదు. చేపల చెరువులకు వేసే తవుడు, చెక్క బస్తాలు పాకల్లోనే ఉంటాయి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి పల్లం మునిగితే కలుగులు వదిలి మెరకకు చేరుతుంది. లంక ఊళ్లలో మెరకంటే ఇళ్లున్న చోటే.

పెరట్లో కన్నాలు చాలా కనిపించినా అన్నిట్లో పందికొక్కు ఉండదు. సాయంత్రం అన్నిటినీ బురదమట్టితో మూసి, తెల్లవారి ఏవి తెరుచుకున్నాయో చూస్తే సరి, కాపురమున్నవి అవే. గచ్చు కింద మట్టి తోడేసిన చోట కాలు వేస్తే డొల్లగా మోగుతుంది.

బస్తాలను నేల మీద కాక బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. కోళ్ల గింజలు, ఎంగిలి మెతుకులు రాత్రికి మిగలకూడదు. కోళ్లగూటికి అరంగుళం కంటే సన్నని కన్నుల ఇనుప జల్లెడ కట్టి, దాని అడుగును రెండడుగుల లోతున పాతి, కొసను బయటికి మడవాలి. తలుపు అడుగున రేకు కొట్టాలి, తూములకు కమ్మీలు బిగించాలి. కొబ్బరి మొవ్వులో కాయలు కొరికేది వేరే ఎలుక. పందికొక్కుకు చెట్టెక్కడం అంతగా చేతకాదు.

ఇది అనుమానపు జీవి. బోనులో ఎండుచేప పెట్టి, రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా వదిలితే అలవాటు పడుతుంది. కలుగుల్లోకి పొగబెట్టి పట్టడంలో డెల్టా యానాదులది తరతరాల నేర్పు. మార్టేరు వరి పరిశోధన స్థానం ఎలుకల నివారణ మీదా పనిచేస్తోంది.

మందు ఆఖరి మాట. నూకలు 96 పాళ్లు, నూనె 2, బ్రోమాడయొలోన్ పొడి 2 పాళ్లు కలిపి పొట్లాలు కట్టి, కాపురమున్న కలుగుల లోపలికే వేస్తారు. ఇది నెత్తురు గడ్డకట్టనివ్వదు. చావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి తోటివి అనుమానించవు. కాని ఆ కళేబరాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకూ ముప్పే. దొరికిన దాన్ని చేతితో ముట్టుకోకుండా లోతుగా పూడ్చాలి. ఎలుక జ్వరం పందికొక్కు మూత్రం కలిసిన బురద నుంచీ అంటుతుంది. మందు ఒక్క ఇంట్లోనే వేస్తే పక్కింటివి ఆ కలుగుల్లోకి దిగుతాయి, అందుకే వీధంతా ఒకే రోజు వేస్తారు.