సెప్సిస్ పెట్టె అటకెక్కకుండా

1994 సెప్టెంబరులో సూరత్‌లో న్యుమోనిక్ ప్లేగు కలకలం రేగింది. లక్షల మంది దొరికిన రైలో బస్సో పట్టుకుని ఊరు విడిచిపోయారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ నిండుకుంది. అది చవకైన, ఎప్పటినుంచో తెలిసిన మందే. కావాల్సిన రోజున మాత్రం దొరకలేదు.

ప్లేగు అరుదు. సెప్సిస్ అలా కాదు, ఏ వార్డులోనైనా ఏ రాత్రైనా ఎదురుకావచ్చు. న్యుమోనియా, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, కాన్పు తర్వాత జ్వరం, ఆపరేషన్ గాయం... దేనికైనా శరీరం అదుపు తప్పి స్పందిస్తే సొంత అవయవాలే దెబ్బతింటాయి. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2020లో ప్రచురించిన అంచనా. రక్తపోటు పడిపోయిన రోగులకు యాంటీబయాటిక్ ఆలస్యమయ్యే కొద్దీ, తొలి ఆరు గంటల్లో గంటకు సగటున 7.6 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిందని 2006లో ఆనంద్ కుమార్ బృందం చూపింది. తర్వాతి అధ్యయనాల్లో ఈ ప్రభావం ఇంతకన్నా తక్కువగా కనిపించింది. అయినా షాక్‌లో ఉన్నవారికి గంటలోపే మందు పడాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ గంటలో నర్సు స్టోర్‌రూమ్ తాళాల కోసం తిరగకూడదు. అందుకే సెప్సిస్ పెట్టె. క్యాన్యులాలు, బ్లడ్ కల్చర్ సీసాలు, లాక్టేట్ పరీక్షకు రక్తం తీసే ట్యూబు, సెలైన్, ఆసుపత్రి ఎంచుకున్న యాంటీబయాటిక్, వరుసక్రమం రాసిన కాగితం ఒకేచోట ఉంటాయి. మందుకు ముందే కల్చర్‌కు రక్తం తీయాలి, అయితే దానికోసం మందు ఆపకూడదు.

పెట్టె పెట్టడం తేలిక. చిక్కంతా తర్వాతే. రద్దీ వేళ పక్క మంచానికి క్యాన్యులా కావాలంటే ఎవరో ఇందులోంచి అప్పు తీసుకుంటారు, తిరిగి పెట్టడం మరిచిపోతారు. కల్చర్ సీసాల గడువు తీరిపోతుంది. శిక్షణ పొందిన నర్సు వేరే వార్డుకు బదిలీ అవుతుంది. రక్తపోటు పెంచే మందును కొలతగా పంపే ఇన్‌ఫ్యూజన్ పంపుదీ ఇదే కథ. ఛార్జింగ్‌లో పెట్టకుండా వదిలేస్తే బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది, పూర్తిగా ఖాళీ అయి పడి ఉంటే దాని సామర్థ్యమే తగ్గిపోతుంది. ఇంట్లో టార్చిలైటు సంగతి తెలిసిందేగా, కరెంటు పోయిన రాత్రే అందులో సెల్ అయిపోయిందని తెలుస్తుంది.

దీనికి తాళం వేయడం మందు కాదు. చేత్తో తెంచగలిగే ప్లాస్టిక్ సీలు మేలు. సీలు తెగి ఉంటే పెట్టె ఎవరో తెరిచారని దూరం నుంచే తెలుస్తుంది. వాడినవారే ఆ షిఫ్టులోనే నింపాలి, డ్యూటీ మారేటప్పుడు సంతకం చేయాలి. గడువు దగ్గరపడిన మందులను పారేయకుండా, అవి రోజూ ఖర్చయ్యే క్యాజువాల్టీకో ఐసీయూకో పంపి కొత్తవి తెచ్చుకోవచ్చు. గడువు తీరిన సీసాలు శిక్షణకు పనికొస్తాయి. వాడుకలో ఉంచడమంటే జ్వరం వచ్చిన ప్రతివారికీ యాంటీబయాటిక్ ఎక్కించడమని మాత్రం కాదు.

ఈ పాఠం సూరత్‌కు కొత్తది కాదు. ప్లేగు తర్వాత 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులకు పెట్టిన నియమం ‘ఏసీ నుంచి డీసీ’. ఏసీ గదులు వదిలి రోజువారీ పనుల్లోకి, అంటే డైలీ చోర్స్‌లోకి దిగాలన్నమాట. ఊరు శుభ్రపడింది ఒక్కరోజు ఊడ్పుతో కాదు, రోజూ జరిగిన తనిఖీతో.

ఇక పెట్టె తెరవాలంటే ముందు ఎవరికో అనుమానం రావాలి. మాట తడబడటం, మూత్రం తగ్గడం, ఊపిరి వేగం పెరగడం చాలాసార్లు మొదట గమనించేది పక్కన కూర్చున్న ఇంటివాళ్లే. లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ‘మా ఆయన తేడాగా ఉన్నాడు సిస్టర్’ అన్న మాట తెలుగులో వస్తే గుజరాతీ నర్సుకు అర్థం కావాలి. పెట్టె మూతకు అంటించే కాగితం మీద ఆ మూడు లక్షణాలు గుజరాతీ, హిందీ, తెలుగుల్లో ఉంటే, ఇంటివాళ్లు వేలుపెట్టి చూపించినా సరిపోతుంది.