వేగముగా పోవు బండి యెంత దూరమున నిలుచును?

బండిని నిలుపుట యనగా దాని గతిశక్తిని హరించుటయే. ద్రవ్యరాశిని వేగవర్గముచే గుణించి, అందు సగము తీసికొన్నచో గతిశక్తి వచ్చును. బ్రేకు వేసినపుడు రోడ్డు చక్రములపై చూపు ఘర్షణబలమును, బండి సాగిన దూరమును గుణింపగా వచ్చు పని ఆ శక్తికి సమానమైనపుడే బండి నిలుచును. ఆ శక్తి నశింపదు, ఉష్ణముగా మాఱును. బ్రేకులు వేడెక్కుట యిందువలననే.

1,000 కిలోగ్రాముల కారు గంటకు 36 కిలోమీటర్ల, అనగా సెకండునకు 10 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిశక్తి 50,000 జౌలులు. ఘర్షణబలము 5,000 న్యూటనులైనచో అది 10 మీటర్లలో నిలుచును. వేగము 72 కిలోమీటర్లైనచో శక్తి 2,00,000 జౌలులు. నిలుచుటకు 40 మీటర్లు కావలయును. వేగము రెట్టింపైన దూరము నాలుగింతలగును. 1722లో హాలండు దేశీయుడగు గ్రావెసాండ్ ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిపై పడవిడిచి యీ వర్గసంబంధమునే చూపెను.

ఇక బాలుడొకడు 25 మీటర్ల దూరమున రోడ్డునకు అడ్డము వచ్చెననుకొందము. డ్రైవరు చూచి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకండు పట్టును. మొదటి కారు ఆ సెకండులో 10, పిమ్మట 10 మీటర్లు పోయి, బాలునికి 5 మీటర్ల యీవలనే నిలుచును. రెండవది బ్రేకు త్రొక్కకమునుపే 20 మీటర్లు పోవును. మిగిలిన 5 మీటర్లలో ఘర్షణ చేయగల పని 25,000 జౌలులు మాత్రమే. బాలుని చేరునప్పటికి శక్తిలో ఎనిమిదింట ఏడుపాళ్లు మిగిలియే యుండును. వానకు తడిసిన రోడ్డుపై ఘర్షణ తగ్గును గావున అపాయ మింకను హెచ్చు.

కావున విద్యార్థులారా, డ్రైవరు చూచినాడు గదా యని నమ్మి రోడ్డు దాటకుడు. చూచుట వేఱు, ఆపగలుగుట వేఱు. పాఠశాల యొద్ద బండిని నెమ్మదిగా నడుపవలసినదని తల్లిదండ్రులకును మా మనవి.