ఎట్ గుర్తుకి అటూ ఇటూ

ఈమెయిల్లో వచ్చే ఎట్ గుర్తుని జర్మన్లు ‘క్లామరాఫె’ అంటారు. కొమ్మని పట్టుకు వేలాడే ఒక జాతి కోతి పేరది. వెబ్‌సైట్లు కట్టే ఉద్యోగం మీద ఈ దేశం వచ్చిన నాకు ఏళ్ల తరబడి ఈ కోతితోనే పని. ఫారంలో ఎవరో తమ చిరునామా టైపు చేస్తారు. అది సరైనదో కాదో మా ప్రోగ్రాం చెప్పాలి. వినడానికి ఎంత తేలికో!

1984 ఆగస్టు 3న అమెరికాలోని సీఎస్‌నెట్ నుంచి కార్ల్స్‌రూ విశ్వవిద్యాలయానికి ఒక స్వాగత సందేశం వచ్చింది. జర్మనీ అందుకున్న మొదటి ఇంటర్నెట్ ఈమెయిల్ అదేనని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అందుకున్నాయన మిషాయెల్ రోటెర్ట్. ఆయన చిరునామాలో ఇంటిపేరు, పర్సెంట్ గుర్తు, జర్మనీ అన్న మాట, ఆ తర్వాతే ఎట్ గుర్తు. పర్సెంట్ గుర్తు నేటి నియమాల ప్రకారం కూడా తప్పు కాదు. అయినా ఆ చిరునామాని ఇవాళ చాలా ఫారాలు ఎర్ర అక్షరాలతో వెనక్కి పంపేస్తాయి.

ఎందుకంటే చాలామంది ప్రోగ్రామర్లు తాము చూసిన చిరునామాలని బట్టే నియమం రాసేస్తారు. అక్షరాలు, అంకెలు, చుక్క, చివర రెండు నుంచి నాలుగు అక్షరాలు. డాట్ డీఈ, డాట్ కామ్‌లకి అది సరిపోయింది. 2004లో జర్మన్ డొమైన్లలోకి నెత్తిన రెండు చుక్కలున్న అక్షరాలొచ్చాయి. 2014లో డాట్ బెర్లిన్ వచ్చింది. పాత నియమాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. నా చిరునామాలో ప్లస్ గుర్తుంది. ఒక సంస్థ వారి నమోదు పేజీ దాన్ని ఒప్పుకుంది, లాగిన్ పేజీ ఒప్పుకోలేదు. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు, రెండు రకాల కాపలా!

పోనీ నియమాలన్నీ పొల్లు పోకుండా రాస్తే? పెర్ల్ భాషలో ఒకరు రాశారు. ఆ ఒక్క సూత్రమే 6,000 అక్షరాలు దాటింది. అంతా చేసి అది చెప్పగలిగేది వ్యాకరణం గురించే.

అసలు ప్రమాదం వ్యాకరణం సరిగ్గా ఉన్నచోటే ఉంది. శ్రీనివాస్ అన్న పేరుని మనం ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో మీకు తెలియంది కాదు. ఒక్క అక్షరం తేడా వస్తే ఈ శ్రీనివాస్ రక్తపరీక్ష రిపోర్టు ఇంకో శ్రీనివాస్ ఇన్‌బాక్సులో పడుతుంది. సూత్రానికి రెండూ సరైన చిరునామాలే.

అందుకని నేను ఫారంలో చూసేది కొంచెమే. ఎట్ గుర్తుకి అటూ ఇటూ ఏదో ఒకటి ఉందా? కుడివైపున్న డొమైన్‌కి మెయిల్ అందుకునే సర్వర్ ఉందా? ఇది డీఎన్‌ఎస్‌ని అడిగితే తెలుస్తుంది. జీమెయిల్ స్పెల్లింగు తప్పినట్టు కనిపిస్తే “ఇదేనా మీరు రాయాలనుకున్నది?” అని అడుగుతాను, అడ్డుపడను. ఎడమవైపున్న పేరు సంగతి ఆ సర్వర్‌కే తెలియాలి. ఆ పేరు వెనక ఉన్న మనిషి ఈ మనిషేనా అన్నది సర్వర్‌కి కూడా తెలియదు. దానికి ఒకటే దారి: ఒక లింకుతో ఉత్తరం పంపి, అవతలివాళ్లు నొక్కేదాకా ఆగడం. జర్మనీలో దీన్ని డబుల్ ఆప్ట్-ఇన్ అంటారు. ఇక్కడి అనుచిత పోటీ నిరోధక చట్టం 7వ సెక్షన్ ప్రకారం ముందస్తు అంగీకారం లేకుండా ప్రకటనల మెయిల్ పంపడం వేధింపు కిందకే వస్తుంది. అంగీకారం ఉందని రుజువు చేసుకోవాల్సింది పంపినవాళ్లే. కాబట్టి వార్తాలేఖలు పంపేవాళ్లకి ఇక్కడ ఇది మామూలు పద్ధతైపోయింది.

మనవాళ్లకీ ఇందులో ఒక వాటా ఉంది. తెలుగు లిపిలో డాట్ భారత్ 2011లోనే వచ్చింది. ఎట్ గుర్తుకి ఎడమవైపు కూడా తెలుగు రాసుకోవచ్చని 2012 నాటి ప్రమాణం ఒప్పుకుంది. రేపు ఎవరో ఒకావిడ తన పేరుని తన లిపిలోనే రాసి మా ఫారానికి ఇస్తే, “మీ చిరునామా చెల్లదు” అనడానికి ఆ ఫారం ఎవరు? ఉత్తరం వేసి చూడాలి. అందితే ఆవిడే చెబుతుంది.