విభజన చట్టం - నాగార్జునసాగర్ జలవిద్యుత్తు: ఒక పరిశీలన

1. ప్రవేశిక
చట్టం యంత్ర నిర్మాణాన్ని మార్చదు. దాని వినియోగాన్ని మాత్రం నిర్దేశిస్తుంది. పల్నాడు జిల్లా మాచర్ల ప్రాంతపు సరిహద్దున ఉన్న నాగార్జునసాగర్ ఇందుకు నిదర్శనం.

2. యంత్రవ్యవస్థ
సాగర్ ప్రధాన జలవిద్యుత్కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. ఎనిమిది యూనిట్లలో ఏడు రివర్సిబుల్ టర్బైన్లు. గిరాకీ వేళ ఇవి నీటిని దిగువకు వదిలి విద్యుదుత్పత్తి చేస్తాయి; మిగులు విద్యుత్తు ఉన్నప్పుడు ఆ నీటినే తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయగలవు. అందుకు దిగువన నీరు నిలిచి ఉండాలి. ఆ అవసరానికే సుమారు 21 కి.మీ. దిగువన సత్రశాల వద్ద టెయిల్‌పాండ్ ఆనకట్ట కట్టారు.

3. చట్టం - పర్యవసానం
2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం విద్యుత్కేంద్రాలను భౌగోళిక స్థానాన్ని బట్టి పంచింది. ప్రధాన కేంద్రం తెలంగాణకు, టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. పరస్పరాధారమైన రెండు భాగాలు ఇద్దరు యజమానుల పాలయ్యాయి.

నదీ యాజమాన్య బోర్డును ఆ చట్టంలోని 85వ సెక్షను ఏర్పరచినా, దాని పరిధిని కేంద్రం నోటిఫై చేసింది 2021 జూలై 15న. అప్పటికే తెలంగాణ విద్యుదుత్పత్తిపై ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం తెలిపింది. ప్రధాన కేంద్రం గుండా నదిలోకి వెళ్ళిన నీరు కుడికాలువకు అందదు. కనుక ఉత్పత్తివేళల నిర్ణయం గురజాల, నరసరావుపేట ప్రాంతాల సాగునీటితోనూ ముడిపడి ఉంది.

4. ముగింపు
స్థానాన్ని బట్టి జరిగిన పంపకం ఆస్తుల లెక్కను సులభం చేసింది; నీటి ప్రవాహంలోని పరస్పరాధారాన్ని మాత్రం విస్మరించింది. ఎత్తిపోసే వేళలనూ కాలువ అవసరాలనూ కలిపి నిర్ణయించే ఉమ్మడి నిర్వహణ నియమాలు లేనిదే ఈ యంత్రాల పూర్తి ప్రయోజనం సిద్ధించదు.