ట్రాఫిక్ ఇంజనీరు: మన సివిల్ పట్టభద్రులకు మరో దారి

సివిల్ ఇంజనీరింగ్ అనగానే మన ఇళ్లలో భవనాలు, కాంట్రాక్టు పనులు, ప్రభుత్వ ఏఈ ఉద్యోగం, ఇవే గుర్తొస్తాయి. అదే డిగ్రీతో చేరుకోగల మరో వృత్తి ట్రాఫిక్ ఇంజనీరింగ్. రోడ్డు మలుపు ఎంత వెడల్పు ఉండాలి, హెచ్చరిక బోర్డు ఎంత దూరం నుంచి కనబడాలి, బడిపిల్లలు ఎక్కడ రోడ్డు దాటాలి అన్నవి నిర్ణయించే పని ఇది.

దీని అవసరం మన ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 544డి జాతీయ రహదారి గిద్దలూరు, కంభం మీదుగా, 565 మార్కాపురం మీదుగా పోతాయి. నంద్యాల వైపు, శ్రీశైలం వైపు వెళ్లాలంటే నల్లమల ఘాట్ మలుపులు దాటాలి. లారీ, ఆటో, బైకు, గొర్రెల మంద అన్నీ ఒకే రోడ్డు మీద నడుస్తాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువారు, అంటే ఇంటికి సంపాదించి పెట్టేవారు. ఆ తర్వాత ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో సహాయం కోసం మన గడప తొక్కే కుటుంబాలను చూసినవారికి తెలుసు.

డాక్టరుకు రిజిస్ట్రేషన్, లాయరుకు బార్ కౌన్సిల్, ఆర్కిటెక్టుకు 1972 నాటి చట్టం ఉన్నాయి. ఇంజనీర్లకు మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి లైసెన్సు లేదు. అయితే రోడ్ల విషయంలో ఒక సర్టిఫికెట్‌కు విలువ పెరుగుతోంది. అదే రోడ్ సేఫ్టీ ఆడిటర్ సర్టిఫికెట్. నోయిడాలోని ఇండియన్ అకాడమీ ఆఫ్ హైవే ఇంజనీర్స్, ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ వంటివి ఇందుకోసం 15 రోజుల కోర్సు నడుపుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఎస్పీ 88 మాన్యువల్ (2010, సవరణ 2019) దీనికి ముఖ్య ఆధారం.

ఆడిట్ అంటే లెక్కల తనిఖీ కాదు. రోడ్డు కాగితం మీద ఉన్నప్పుడు, కడుతున్నప్పుడు, తెరవబోయే ముందు, వాడుకలో ఉన్నప్పుడు కూడా ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో వెతకడం. పగలే కాక రాత్రి కూడా వెళ్లి చూడాలి. డిజైన్ చేసినవారే ఆడిట్ చేయకూడదు. తన తప్పు తనకు కనబడదు కదా!

జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. అయితే అంతమంది పోయేదాకా ఆగకుండా ముందే పసిగట్టడం ఆడిట్ ఉద్దేశం. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా అంగవైకల్యం కలిగితే బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

విద్యార్థులకు మార్గం ఇది. బీటెక్ సివిల్ తర్వాత గేట్ రాసి ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయవచ్చు. వరంగల్ ఎన్‌ఐటీలో ఈ విభాగం ఉంది. గేట్ ద్వారా సీటు వచ్చినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది కాబట్టి పేదింటి పిల్లలు వెనకాడనక్కరలేదు. తర్వాత రోడ్డు పనుల్లో కొన్నేళ్ల అనుభవం గడించి ఆడిటర్ కోర్సులో చేరాలి. అమెరికా వెళ్లాలనుకునేవారికి అక్కడ పీటీఓఈ అనే పరీక్ష ఉంది. దానికి ట్రాఫిక్ పనుల్లో నాలుగేళ్ల అనుభవం, ఇంజనీరు లైసెన్సు కావాలి. మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి.

దారిలో ఉన్న ముల్లునో రాయినో తొలగించడం కూడా సదకాయేనని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ పనిని వృత్తిగా చేసుకునే అవకాశం ఇది. చదువుకునే వయసు దాటిన పెద్దలు కూడా ఒకటి చేయవచ్చు. మీ ఊరి దగ్గర తరచూ ప్రమాదాలు జరిగే మలుపుకు రోడ్ సేఫ్టీ ఆడిట్ చేయించమని కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అర్జీ పెట్టండి. ప్రమాదాల తేదీలు, చోటు ఆనవాళ్లు, ఫొటోలు దానికి జతచేయండి.